రిటైరయ్యాక పాలిటెక్నిక్‌లో నా శనివారాలు

2022 వానాకాలంలో ఒక సాయంత్రం మా వీధి చివరింటి కుర్రాడు రికార్డు పుస్తకం పట్టుకుని మా అరుగు మీదికి వచ్చాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా మూడో సంవత్సరం చదువుతున్నాడు. అప్పటికి ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌లో సగం అయింది. "మాస్టారూ, బొమ్మలు సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కసారి చూసిపెడతారా అండీ" అన్నాడు. బొమ్మలు ముచ్చటగా వేశాడు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, దాని లోపలికి గాలి వెళ్ళే దారైన బ్రీదర్ గీసి, లోపలున్న సిలికా జెల్‌కి నీలం పెన్సిల్‌తో రంగు కూడా నింపాడు.

"ఇది గులాబీ రంగుకి తిరిగితే ఏం చేస్తావు?" అని అడిగాను.

"గులాబీ రంగు ఉండదండీ. పుస్తకంలో బ్లూ అనే ఉంది" అన్నాడు.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. సిలికా జెల్ పొడిగా ఉన్నంతసేపే నీలంగా ఉంటుంది. గాలిలో తేమ పీల్చుకునే కొద్దీ గులాబీకి తిరుగుతుంది. పూర్తిగా తిరిగిందంటే ఇక అది తేమని ఆపలేదు. ఆ తేమ నూనెలోకి పోతుంది, నూనె పాడైతే ఇన్సులేషన్ పోతుంది, చివరికి ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. సబ్‌స్టేషన్‌లో పొద్దున్నే యార్డు చుట్టి వచ్చే ఆపరేటరు చూడాల్సిన వాటిలో అదొకటి. మూడు నెలలుగా సబ్‌స్టేషన్‌కి వెళ్తున్న కుర్రాడికి అది తెలియలేదంటే వాడు యార్డులో అడుగు పెట్టలేదన్నమాట. అడిగితే అదే చెప్పాడు. కంట్రోల్ రూములో కూర్చోబెట్టి గంటగంటకీ రీడింగులు రాయిస్తున్నారట.

వాళ్ళని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేను సర్వీసులో ఉండగా కూడా కాలేజీ లెటర్లు పట్టుకుని పిల్లలు వచ్చేవాళ్ళు. "వీళ్ళని లోపల కూర్చోబెట్టండి, యార్డులోకి వదలకండి" అని ఆపరేటరుకి చెప్పి నా పనిలో నేను పడిపోయేవాణ్ణి. ఏదైనా జరగరానిది జరిగితే ఎవరు సమాధానం చెప్పుకోవాలన్న భయం. గడువు అయ్యాక సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి పంపేసేవాణ్ణి. అలా ఎంతమంది పిల్లల్ని ఖాళీ చేతులతో పంపించానో లెక్క లేదు. ఆ రాత్రంతా అదే గుర్తొచ్చింది.

నేను 1983లో అప్పటి రాష్ట్ర విద్యుత్ బోర్డులో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా చేరాను. 1999లో బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. మరుసటేడు పంపిణీ సంస్థలు వచ్చాయి. బోర్డులు మారాయి గానీ నా పని మారలేదు. లైన్లు, సబ్‌స్టేషన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, వాటితో పాటు జనం తిట్లు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని తుఫాను ఊడ్చేశాక కొబ్బరిచెట్ల కింద నలిగిన తీగల్ని విడదీసుకుంటూ నెలల తరబడి తిరిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ వెళ్ళిన బృందాల్లోనూ ఉన్నాను. 2018లో అరవై నిండి డివిజనల్ ఇంజనీరుగా రిటైరయ్యాను. ఆ తర్వాత నాలుగేళ్ళు పేపరు, గుడి, అమ్మాయి దగ్గరికి ఒకసారి ప్రయాణం, కరోనా. ఇంట్లో పాత డైరీలు పన్నెండు ఉన్నాయి. ఏ ఫీడరులో (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైనులో) ఏ ఫాల్టు వచ్చింది, ఎలా దొరికింది అని రాసుకున్నవి. వాటిని మళ్ళీ తెరిచింది ఆ రోజే.

మర్నాడు పాలిటెక్నిక్‌కి వెళ్ళి ప్రిన్సిపాల్ గారిని కలిశాను. టీ తెప్పించి చాలా మర్యాదగా అడిగారు, "తమరు ఏం ఆశించి వచ్చారండీ?" అని. ఆయన అలా అడగడంలో తప్పు లేదు. ఉచితంగా చెబుతామని వచ్చి, ఒక ఫోటో తీయించుకుని, బ్యానరు కట్టి వెళ్ళిపోయినవాళ్ళని ఆయన చాలామందిని చూశారు. నేను ఏమీ వద్దన్నాను. డబ్బు వద్దు, శాలువా వద్దు, సర్టిఫికెట్ కూడా వద్దు. ల్యాబు చూడనివ్వండి, శనివారం మధ్యాహ్నాలు పిల్లల్ని నాకు అప్పగించండి, చాలన్నాను. ఒక అర్జీ, బయోడేటా, సర్వీసు వివరాలు, పారితోషికం కోరనని ఒక కాగితం ఇమ్మన్నారు. మూడు వారాల్లో అనుమతి వచ్చింది. కాగితాల సంగతి అంతే. అనుకున్నంత కష్టం కాలేదు.

కష్టం అసలు చోట ఉంది. నా మొదటి క్లాసు బాగా జరగలేదు. మూడో ఏడాది పిల్లలు నలభై మంది. గంటసేపు చెప్పాను. విద్యుత్ బోర్డు చరిత్ర, గ్రామీణ విద్యుదీకరణ, నేను చూసిన తుఫాన్లు. వెనక బెంచీ వాళ్ళు తలలు వాల్చేశారు. ముందు బెంచీ వాళ్ళు మర్యాదకి వింటున్నారు. క్లాసు అయ్యాక అక్కడి గెస్ట్ లెక్చరరు, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, నాతో పాటు సైకిల్ స్టాండు దాకా నడిచి మెల్లగా అన్నాడు: "సార్, వీళ్ళు టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇక్కడ పుస్తకాలన్నీ ఇంగ్లీషు. డెఫినిషన్లు నోటికి వచ్చు గానీ వస్తువు చూడలేదు. మీరు వస్తువు చూపించండి."

అంత మంచి సలహా నాకు సర్వీసులో కూడా ఎవరూ ఇవ్వలేదు.

ఆ వారమంతా వస్తువులు పోగేశాను. పాత సామాను కొనే దుకాణంలో కాలిపోయిన అల్యూమినియం లగ్గులు, అంటే తీగ కొసకి బిగించే ముక్కలు దొరికాయి. తెలిసిన కాంట్రాక్టరు దగ్గర పగిలిన బుషింగు, పిడుగుకి చీలిన పిన్ ఇన్సులేటరు, మెలితిరిగిన ఫ్యూజు తీగ దొరికాయి. ఒక సీసాడు గులాబీ రంగు సిలికా జెల్ కూడా సంపాదించాను. రెండో శనివారం ఏమీ మాట్లాడకుండా బల్ల మీద అవన్నీ పరిచాను. "ఒక్కొక్కరూ ఒక్కోటి తీసుకుని, దీనికేం జరిగిందో చెప్పండి" అన్నాను. తెలుగులోనే చెప్పమన్నాను.

ఒకడు కాలిన లగ్గు తీసుకుని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. "ఒక పక్కే నల్లగా ఉందండీ" అన్నాడు. ఎందుకు? చాలాసేపు ఆలోచించాడు. "బోల్టు సరిగ్గా బిగించలేదండీ. ఆ పక్క మాత్రమే తగులుకుంది, ఆ పక్కే వేడెక్కింది." కాంటాక్ట్ రెసిస్టెన్స్ అన్న మాట వాడు రెండేళ్ళ కిందటే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాడు. ఆ మాటా, చేతిలో ఉన్న ఆ నల్ల మచ్చా ఒకటేనని ఆ రోజు తెలిసింది వాడికి. వాడి ముఖం చూశాక ఇక నేను ఈ పని మానలేననిపించింది.

సిలికా జెల్ సంగతి ఇంకా బాగుంది. కాలేజీ వెనక ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టాం. వంటకి పనికిరాని పాత ఇనప మూకుడు ఒకటి కొన్నాను. ఆ నీలం రంగుకి కోబాల్ట్ ఉప్పు వాడతారు, అది ఒంటికి మంచిది కాదు, కాబట్టి ఇంట్లో గిన్నె ఎవరూ వాడకండి, ఆవిరి పీల్చకండి, గాలి వచ్చే వైపు నిలబడండి అని ముందే చెప్పాను. సన్నని సెగ మీద గింజల్ని అట్లకాడతో కలుపుతుంటే ఐదు నిమిషాలకి అంచుల్లో రంగు మారడం మొదలైంది. గులాబీ కాస్తా వంకాయ రంగుకి తిరిగింది, అది మెల్లగా నీలమైంది. పిల్లలు మూకుడు మీదికి వంగిపోతుంటే వెనక్కి లాగాల్సి వచ్చింది. మా వీధి కుర్రాడు కూడా వచ్చాడు ఆ రోజు. రికార్డు తీసి, నీలం బ్రీదర్ పక్కనే ఇంకో బ్రీదర్ వేసి గులాబీ పెన్సిల్‌తో నింపాడు. కింద "తడి" అని తెలుగులో రాసుకున్నాడు.

ఈ మధ్యలో ఒక విషయం నా దృష్టికి వచ్చింది. నాకు సలహా ఇచ్చిన ఆ గెస్ట్ లెక్చరరే తర్వాత రెండు వారాలు నన్ను తప్పించుకుని తిరిగాడు. విభాగం హెడ్డు గారిని అడిగితే చెప్పారు: "ఆయనకి పీరియడ్ లెక్కన డబ్బులిస్తారండీ. మీరు ఉచితంగా చెబుతున్నారు కదా, తన పీరియడ్లు మీకిచ్చేస్తారేమోనని బెంగ పెట్టుకున్నాడు." నాకు చాలా బాధేసింది. నేను ఊరికే చేసే సేవ ఒక కుర్రాడి ఇంట్లో బియ్యం డబ్బులు తీసేస్తుందంటే అది సేవ ఎలా అవుతుంది?

వెంటనే వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. తర్వాత ప్రిన్సిపాల్ గారి ముందు కాగితం మీద రాసుకున్నాం. టైంటేబుల్లో ఉన్న ఒక్క పీరియడ్ కూడా నేను తీసుకోను. శనివారం మధ్యాహ్నం రెండు తర్వాతే వస్తాను. హాజరు వేయను, మార్కులు వేయను. నా ప్రతి క్లాసులో ఆ లెక్చరరు ఉండాలి, ఆ గంటలకి ఆయనకి కాలేజీ డబ్బు ఇవ్వాలి. చివరిది కుదరడానికి కొంచెం సమయం పట్టింది గానీ కుదిరింది. ఆ ఏడాదే యూజీసీ వాళ్ళు ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పేరుతో అనుభవజ్ఞులని డిగ్రీ కాలేజీలకి, యూనివర్సిటీలకి తీసుకోవచ్చని మార్గదర్శకాలు తెచ్చారు. కనీసం పదిహేనేళ్ళ అనుభవం ఉండాలి, మంజూరైన పోస్టుల సంఖ్యలో పది శాతం మించకూడదు, గౌరవ హోదాలో జీతం లేకుండా కూడా చేయవచ్చు. అందులో నాకు నచ్చిన మాట ఒకటుంది. ఈ నియామకాలు మంజూరైన పోస్టులకి అదనంగా ఉండాలే తప్ప వాటికి అడ్డు రాకూడదు. మా పాలిటెక్నిక్‌కీ ఆ పథకానికీ సంబంధం లేదు గానీ, రిటైరైన మేము ఏ కాలేజీ గుమ్మం ఎక్కినా ఈ ఒక్క నియమం గుర్తుంచుకోవాలని నా గట్టి నమ్మకం. ఖాళీగా ఉన్న లెక్చరరు పోస్టుని నాలాంటి పెన్షనర్లతో నడిపిస్తే ఆ పోస్టు ఎప్పటికీ భర్తీ కాదు.

మూడో నెలలో ల్యాబు ఎర్తింగ్ చూశాం. అదీ పిల్లలే మొదలుపెట్టారు. ఒక మోటారు బాడీ ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటోందని ఒక అమ్మాయి చెప్పింది. టెస్టర్ పెడితే సన్నగా వెలిగింది. ఆ బల్ల మీద సప్లై వెంటనే ఆపించి, ఎర్త్ వైరు వెంట గోడ వెనక్కి నడిచాం. గడ్డిలో మునిగిపోయి ఒక సిమెంటు మూత కనిపించింది. మూత ఎత్తితే పైపుకి బిగించిన క్లాంపు తుప్పు తిని చేతికి పొడిపొడిగా రాలింది. తెలిసిన లైసెన్సు కాంట్రాక్టరు దగ్గర ఎర్త్ టెస్టరు అడిగి తెచ్చాం. మేకులు పాతించి, మధ్య మేకుని ముందుకీ వెనక్కీ జరిపి మూడుసార్లు కొలిపించాను. ఇరవై మూడు ఓములు వచ్చింది.

"ఎంత ఉండాలండీ?" అని ఆ అమ్మాయి అడిగింది. "ఎంత తక్కువుంటే అంత మంచిదమ్మా. మన డెల్టా మట్టికి రెండు మూడు ఓములు రావాలి" అన్నాను.

కొత్త గుంత తవ్వాలని ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. సామాను ఖర్చు కాలేజీది, పని మాది. ఇద్దరు కూలీలని పెట్టాం, పిల్లలూ దిగారు. జీఐ పైపు రెండున్నర మీటర్లది. గోదావరి లంక నేలల సంగతి తెలిసిందే కదా, అయిదడుగులు తవ్వేసరికి ఊట పైకి వచ్చేసింది. మిగతాది పైపుని సుత్తితో దిగ్గొట్టాం. ఇక ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేయిస్తుంటే మధ్య బెంచీలో ఎప్పుడూ నోరెత్తని ఒక కుర్రాడు అడిగాడు: "ఇన్ని నీళ్ళున్నాయి కదండీ, మళ్ళీ ఉప్పూ బొగ్గూ దేనికండీ?"

మంచి ప్రశ్న. నేను జవాబు చెప్పలేదు. "మీ ఊళ్ళో కాలువ ఎప్పుడు కట్టేస్తారు?" అని అడిగాను. "ఎండాకాలంలోనండీ." "అప్పుడు మీ బావిలో నీళ్ళు ఎక్కడుంటాయి?" "అడుక్కి పోతాయండీ..." అంటూనే వాడికి అర్థమైపోయింది. ఊట ఏడాది పొడుగునా ఉండదు. బొగ్గు తేమని పట్టి ఉంచుతుంది, ఉప్పు ఆ తేమలో కరిగి కరెంటుకి దారి ఇస్తుంది. కానీ అదే ఉప్పు పైపుని కూడా తింటుంది, అందుకే ఏడాదికోసారైనా మూత ఎత్తి చూడాలి. పాత గుంతలో క్లాంపు ఎందుకు రాలిపోయిందో కూడా వాళ్ళే చెప్పేశారు.

ఆ సాయంత్రం కొలిస్తే 1.9 ఓములు. కాలువలు కట్టేశాక మే నెలలో మళ్ళీ కొలిస్తే 2.6. ఆ రెండు అంకెలూ ఎర్త్ పిట్ పక్క గోడ మీద పెయింటుతో తేదీలు వేసి రాశారు. అప్పటి నుంచి ప్రతి ఏటా రెండుసార్లు పిల్లలే కొలిచి కింద రాస్తున్నారు. ఏ పరీక్షలోనూ ఈ పనికి మార్కులు లేవు.

మెల్లగా నాతో పాటు ఇంకో ముగ్గురు వచ్చారు. మా పేటలోనే ఉండే రిటైర్డ్ హెడ్ సిస్టర్ గారు ఒకరు. జిల్లా ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు చేశారు. నేనే వెళ్ళి అడిగాను, కరెంటు పని నేర్చుకునే పిల్లలకి షాక్ తగిలినవాణ్ణి బతికించడం కూడా రావాలి కదమ్మా అని. ఆవిడ గోనెసంచిలో కొబ్బరి పీచు గట్టిగా కూరించి, ఛాతీ ఎత్తుకి కుట్టించి తెచ్చారు. ముందు సప్లై తీయాలి, తీయలేకపోతే ఎండు కర్రతో మనిషిని విడదీయాలి, ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. తర్వాత ఛాతీ మధ్యలో రెండు అంగుళాల లోతుకి, నిమిషానికి నూటి నుంచి నూట ఇరవై సార్లు నొక్కాలి. ముప్పై నొక్కులకి రెండు ఊపిరులు. ఆవిడ గడియారం పట్టుకుని నిలబడి ఒక్కొక్కరి చేతా రెండు నిమిషాలు చేయించారు. రెండు నిమిషాలకే పిల్లల చేతులు వణికిపోయాయి. "అంబులెన్సు వచ్చేదాకా ఇలాగే చేయాలి నాన్నా, అలిసిపోతే పక్కవాడు అందుకోవాలి" అన్నారు. నాకూ చేయించారు. ముప్పై అయిదేళ్ళు లైన్ల మీద పని చేయించిన నేను ఆ పని సరిగ్గా నేర్చుకున్నది అరవై నాలుగో ఏట.

రెండో ఆయన రైల్వేలో సిగ్నల్ విభాగంలో చేశారు, పరీక్షలకి తయారు చేయించడంలో దిట్ట. మూడో ఆయన బ్యాంకు మేనేజరు. ఆయన వల్ల జరిగిన మేలు ఒకటి చెప్పాలి. మా పిల్లల్లో చాలామంది అప్రెంటిస్‌షిప్ అంటే ఐటీఐ వాళ్ళకే అనుకునేవాళ్ళు. అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉంది, డిప్లొమా వాళ్ళకి ఏడాది పాటు స్టైపెండుతో శిక్షణ దొరుకుతుంది, కనీస స్టైపెండులో సగం కేంద్ర ప్రభుత్వమే భరిస్తుంది, దక్షిణాది రాష్ట్రాలకి చెన్నైలో దీనికో బోర్డు ఉంది. ఇవన్నీ ఆయన కూర్చుని చదివి, ఈ శిక్షణ కోసం ప్రభుత్వం నడిపే ఎన్‌ఏటీఎస్ పోర్టల్‌లో ఒక్కొక్కరి పేరూ నమోదు చేయించారు. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, టెన్త్ సర్టిఫికెట్లో ఇంకో స్పెల్లింగు ఉన్నవాళ్ళతోనే ఆయనకి రెండు నెలలు పట్టింది. విసుక్కోకుండా చేశారు.

ఇక నేను చెప్పడానికి ఏడాదిన్నర వెనకాడిన క్లాసు ఒకటుంది. ఎల్‌సీ గురించి.

లైను మీద పని చేయాలంటే ముందు లైన్ క్లియర్ తీసుకోవాలి. సబ్‌స్టేషన్‌లో బ్రేకరు తీసి, లైనుని విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, ఫలానా ఫీడరు మీ పేరున ఇచ్చాం అని రాసి ఇస్తారు. అది చేతికొచ్చాక కూడా తీగని నమ్మకూడదు. పని చేసే చోటుకి రెండు వైపులా, తీగని నేలకి కలిపే ఎర్త్ రాడ్లు వేయాలి. ముందు నేల వైపు క్లాంపు బిగించాలి, తర్వాతే రాడ్‌ని తీగకి తగిలించాలి. తీసేటప్పుడు తిరగేసి: ముందు తీగ వైపు, ఆ తర్వాత నేల వైపు. ఇదంతా బోర్డు మీద రాశాను. పిల్లలు రాసుకున్నారు. అప్పుడు సుద్దముక్క కింద పెట్టి జరిగింది చెప్పాను.

నేను ఏఈగా ఉన్న రోజులు. గాలివాన తర్వాత ఒక ఊరి బయట తీగ తెగింది. ఎల్‌సీ నా పేరునే ఉంది. సబ్‌స్టేషన్ వైపు రాడ్లు వేయించాను. అవతలి వైపు వేయించలేదు. కరెంటు వచ్చేది సబ్‌స్టేషన్ నుంచే కదా, చీకటి పడుతోంది, ఊరంతా ఎదురుచూస్తోంది, త్వరగా కానిద్దాం అనుకున్నాను. అవతల ఒక మిల్లు ఉంది. చీకటి పడుతోందని మిల్లువాళ్ళు జనరేటరు వేశారు. జనరేటరు వేసినప్పుడు బయటి లైనుని విడదీసే చేంజోవర్ స్విచ్ లేదు. ఆ కరెంటు వాళ్ళ ట్రాన్స్‌ఫార్మరులోకి వెనక నుంచి దూరింది. ట్రాన్స్‌ఫార్మరుకి ముందూ వెనకా తెలియదు. పదకొండు వేల వోల్టులని నాలుగు వందలు చేసేది నాలుగు వందలని పదకొండు వేలు కూడా చేస్తుంది. స్తంభం మీద ఉన్న హెల్పరు అక్కడికక్కడే పోయాడు. పెళ్ళయి ఏడాది కాలేదు.

రెండో జత రాడ్లు జీపులోనే ఉన్నాయి.

క్లాసులో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. నేను ఇంకేదో చెప్పబోయాను గానీ గొంతు రాలేదు. గెస్ట్ లెక్చరరు లేచి వచ్చి, నేను కింద పెట్టిన సుద్దముక్క తీసుకుని, బోర్డు మీద ట్రాన్స్‌ఫార్మరు వేసి, బాణం గుర్తు వెనక నుంచి ముందుకి గీశాడు. "ఇప్పుడు చెప్పండి, రాడ్లు ఎక్కడెక్కడ వేయాలి?" అని అడిగాడు. ఒక్కొక్కరినీ పిలిచి వేయించాడు. మిగతా క్లాసు ఆయనే నడిపించాడు. ఇప్పుడు ఆ క్లాసు ప్రతి ఏడాదీ ఆయనే తీసుకుంటాడు, నేను వెనక బెంచీలో కూర్చుంటాను.

ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే తోటి రిటైర్డ్ మిత్రులు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. మీకు వచ్చినదంతా చెప్పాలని వెళ్ళకండి, మీ సర్వీసులో చెడిపోయినవి పట్టుకెళ్ళండి. ఎలా పని చేయాలో పుస్తకంలో ఉంది. ఎలా చెడుతుందో మన దగ్గరే ఉంది. అక్కడి లెక్చరర్ల మాట వినండి, పిల్లల గురించి మనకన్నా వాళ్ళకే ఎక్కువ తెలుసు. శనివారం వస్తానన్నాక మానకండి. ఒక్క వారం మానితే పిల్లలు ఏమీ అనరు, రెండు వారాలు మానితే వాళ్ళూ మానేస్తారు.

మోటారు జిల్లుమంటోందని చెప్పిన అమ్మాయి పోయినేడు ట్రైనింగ్‌కి ఒక సెక్షన్ ఆఫీసుకి వెళ్ళింది. ఒకరోజు సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసింది.

"మాస్టారూ, ఇవాళ లైను పనికి నన్ను కూడా తీసుకెళ్ళారండీ. ఎల్‌సీ తీసుకున్నారండీ. రాడ్లు ఒక వైపే వేశారండీ."

నా చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. "నువ్వేం చేశావమ్మా?"

"రెండో వైపు కూడా వేయాలి కదండీ అన్నాను. అటు నుంచి ఏం రాదమ్మా అన్నారండీ. అటు రొయ్యల చెరువులకి జనరేటర్లు ఉన్నాయి కదండీ అన్నాను. లైన్‌మన్ గారు కాసేపు అటు చూసి, దిగొచ్చి వేశారండీ. ఏమీ అనలేదండీ ఆయన. మంచివారేనండీ."

"పని అయ్యాక తీసేటప్పుడు ఏది ముందు తీశారు?"

"తీగ వైపు ముందండీ, నేల క్లాంపు తర్వాతండీ. దగ్గరుండి చూశాను."

"శనివారం సెలవు దొరికితే రెండింటికి కాలేజీకి రా అమ్మా" అన్నాను. "సెకండియర్ వాళ్ళకి ఇది నువ్వే చెబుదువుగాని."

"వస్తానండీ" అంది.